నికర బరువు

చీమకుర్తిలో ఎత్తు ఎక్కాలంటే
ముందు గుంటలోకి దిగాలి.

ఆదివారం పేలుళ్లు ఉండవు.
టిప్పర్లు టైర్ల కింద రాళ్లు పెట్టుకుని
వరసగా నిద్రపోతుంటాయి.
కాపలా దావీదు తాడు పైకెత్తి పట్టుకుంటాడు,
నేను వంగి లోపలికి పోతాను.
"కింద ఏం పారేసుకున్నావమ్మాయ్,
వారం వారం ఎతుక్కుంటావు?"

వారంలో మిగతా ఆరు రోజులూ కాటా గదిలో నేను.
లారీ నిండు బరువు, ఖాళీ బరువు,
రెంటికీ తేడా, కింద నా సంతకం: వై. సలోమి.
పదిహేడేళ్లుగా తీసివేతలే నా బతుకుతెరువు.
ఏది వచ్చినా అందులోంచి ఇంకోటి తీసేయందే
చెయ్యి ఊరుకోదు.

అందుకే ఈ లెక్క మొదట్లో మింగుడు పడలేదు.
ఎక్కింది తొంభై మీటర్లు,
దిగింది తొంభై మీటర్లు,
నికరం సున్నా కదా?
ఒంగోలు ట్రంకు రోడ్డులో కొన్న పాత వాచీ మాత్రం
ఎక్కిందే రాసుకుంటుంది.
దిగిన సంగతి దానికి పట్టదు.
జీవితంలో మొదటిసారి
ఖాళీ బరువు అడగని కాటా ఒకటి దొరికింది నాకు.

రద్దయిన చీటీల వెనక రాసుకుంటాను.
ఆదివారానికి మూడు సార్లు,
ఏడాదికి నలభై ఎనిమిది ఆదివారాలు
(రెండు జ్వరానికి, ఒకటి మేనకోడలి పెళ్లికి,
ఒకటి ఊరికే, లేవబుద్ధి కాక).
దారి మొత్తం బూడిదరంగు గుండ.
రెండో మలుపు దగ్గర ఊపిరి
పాత కంప్రెసరులా కొట్టుకుంటుంది.
పక్కన కోసిన గోడ, నల్లగా, తడిగా,
లోపల బంగారు చుక్కలు.
చెయ్యి ఆనిస్తే ఎండాకాలం కూడా చల్లగానే.

మూడోసారి పైకి వచ్చేసరికి
ఆరాధన మొదలవుతుంది.
మోకరించండి అని అయ్యగారు అనేలోపే
నా మోకాళ్లు వంగిపోతాయి.
భక్తి అనుకుంటారు.

అక్టోబరులో వాయుగుండం పట్టిన రోజు
కుర్చీలోంచి కదలకుండానే
వాచీ నలభై మీటర్లు ఎక్కింది.
గాలి బరువు తగ్గితే అది కొండ అనుకుంటుందట.
బయట వాన, లారీ ఒక్కటీ లేదు,
నేను పుల్లటి టీ తాగుతూ
ఆకాశం వల్ల పైకి పోతున్నాను.
ఆ నలభై కొట్టేశాను.
కొట్టేసినా కనపడేలాగే కొట్టేశాను.

డిసెంబరు ఆఖర్న మొత్తం కూడితే
పదమూడు వేల ఐదొందల ముప్పై ఆరు.
పోయినేడు పదమూడు వేల నూట నాలుగు.
నలభై రెండో ఏట బలం పెరిగిందా సలోమీ అని
కాసేపు పొంగిపోయాను.
తర్వాత చెయ్యి ఊరుకోలేదు, తీసేసింది.
నాలుగొందల ముప్పై రెండు.
నూట నలభై నాలుగు సార్లతో భాగించింది.
మూడు.

ఎక్కిన సార్లు పెరగలేదు.
గుంట మూడు మీటర్లు లోతయింది, అంతే.

ఆ మూడు మీటర్లూ ఎటు పోయాయో నాకు తెలుసు.
ఒక్కో దిమ్మె నా కాటా మీదుగానే పోయింది,
ఒక్కోదానికీ నేనే చీటీ రాశాను,
ఓడరేవు పేరు, లారీ నంబరు, డ్రైవరు వేలిముద్ర.
ఎక్కడో ఎవరింట్లోనో అది నేలై పరుచుకుని ఉంటుంది,
తడి గుడ్డతో తుడిస్తే మెరుస్తుంది,
దాని మీద జనం
ఒక్క మీటరు కూడా ఎక్కకుండా నడుస్తుంటారు.

దావీదుకి చెప్పాను.
అతను ఈ గుంట గుంట కాకముందు
ఇక్కడ గొర్రెలు మేపినవాడు.
చాలాసేపు గాలిలోకి చూశాడు,
కిందికి కాదు, పైకి,
ఇప్పుడేమీ లేని ఒక చోటికి.
"మా మేకపోతు ఒకటి ఆడ నిలబడేది," అన్నాడు.
ఎత్తెంత అని అడగబోయి ఆగాను.

ఈ ఏడు మొదటి ఆదివారం.
వాచీ సున్నా చేశాను.
అడుగున కొత్తగా కోసిన మెట్టు మీద
రాత్రి ఊరిన నీళ్లు చీలమండల దాకా ఉన్నాయి.
తాడు ఎత్తేటప్పుడు అతను ఏమీ అడగలేదు.
నీళ్లలో ఒక నిమిషం నిలబడి
బూట్ల లేసులు బిగించుకున్నాను.